ముంచిన ఓడల మీద డైవింగ్: ఐదింటిలో మీకు సరిపోయేది ఏది?

మయామీకి టికెట్లు కొన్నాక నాకు ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. డల్లాస్ నుంచో అట్లాంటా నుంచో, లాంగ్ వీకెండ్‌కి నలుగురు స్నేహితులు. కిందటి ఏడాది అండమాన్‌లోనో రుషికొండలోనో డైవింగ్ రుచి చూశారు, ఆ తర్వాత ఓపెన్ వాటర్ కార్డు, అంటే డైవింగ్‌లో మొదటి మెట్టు అర్హత, తెచ్చుకున్నారు. ఇప్పుడు ఓడ మీద దిగాలి. "అన్నిటికంటే పెద్దది ఏది?" అన్నదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గరే దారి తప్పుతారు. రీఫ్ కోసం, అంటే చేపలూ పగడాలూ చేరే దిబ్బలా పనికొచ్చేలా, కావాలని ముంచిన ఓడల్లో అన్నిటికంటే పెద్దది ఒరిస్కనీ అనే తొమ్మిది వందల అడుగుల యుద్ధ విమాన వాహక నౌక. దాని రన్‌వే డెక్ మామూలు డైవర్లకు అనుమతి ఉన్న లోతు కంటే కిందే ఉంది. అంటే రెండు గంటలు బోటులో ఊగుతూ వెళ్ళి, గుడి గోపురం మాత్రం చూసి, గర్భగుడి మొహం చూడకుండా వెనక్కి రావడం. మీరు అడగాల్సింది ఓడ పొడవు గురించి కాదు. "నాకు అనుమతి ఉన్న లోతులో ఆ ఓడలో ఎంత భాగం ఉంది, అక్కడ నాకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి?" అని అడగండి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు తేలిగ్గా అందే ఐదు ఓడలు తీసుకుంటాను. నాలుగు ఫ్లోరిడావి, ఒకటి కేమన్ దీవులది. ఐదూ తుఫానుకో టార్పెడోకో మునిగినవి కావు. నూనెలు, వైర్లు, ఆస్బెస్టాస్ తీసేసి, పొట్టలో కన్నాలు కోసి, చేపలకూ డైవర్లకూ ఉపయోగపడేలా తీసుకెళ్ళి ముంచినవి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

లోతు, నిమిషాలు. ఓపెన్ వాటర్ కార్డుకి 60 అడుగులు. దాని పై మెట్టు అడ్వాన్స్‌డ్‌కి 100. డీప్ కోర్సు చేసినవాళ్ళకి 130, సరదా డైవింగ్‌కి అదే చివరి గీత. ఇవి అందరికీ తెలిసినవే. చాలామంది మర్చిపోయేది గడియారం సంగతి. మధ్యలో ఆగి ఆగి పైకి రావాల్సిన అవసరం పడకుండా ఒక లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టికలు ఉన్నాయి. మామూలు గాలితో మొదటి డైవ్ అయితే, బాగా వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం 60 అడుగుల దగ్గర 55 నిమిషాలు. 100 దగ్గర 20. 130 దగ్గర 10, అంతే. మీ చేతి కంప్యూటర్ కొంచెం అటూ ఇటూ చెప్పొచ్చు, వాలు మాత్రం ఇదే.

గాలి ఖర్చు కూడా అలాగే పెరుగుతుంది. 33 అడుగుల దగ్గర ఒడ్డున పీల్చేదానికి రెట్టింపు, 66 దగ్గర మూడింతలు, 99 దగ్గర నాలుగింతలు. ఒడ్డున గంట వచ్చే ట్యాంకు వంద అడుగుల దగ్గర పావుగంట వస్తుంది, అదీ కంగారు పడకుండా పీలిస్తే. మొదటిసారి ఓడ చూసి కంగారు పడనివాళ్ళని నేను చూడలేదు.

నైట్రాక్స్ కోర్సు చేసి ఉంటే లెక్క మారుతుంది. 32 శాతం ఆక్సిజన్ కలిపిన గాలితో 100 అడుగుల దగ్గర 20 నిమిషాలు దాదాపు 30 అవుతాయి. అయితే ఆ మిశ్రమంతో 110 అడుగులు దాటి దిగకూడదు. కింద చెప్పే ఓడల్లో మూడింటికి ఈ ఒక్కరోజు కోర్సు మీద పెట్టిన డబ్బు కొత్త కెమెరా మీద పెట్టినదానికంటే బాగా గిట్టుబాటు అవుతుంది.

నీటి వడి. డైవర్లు దీన్ని కరెంట్ అంటారు. మన ఊళ్ళో కరెంట్ లాంటిదే, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరూ రాసివ్వలేరు. ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న దీవుల వరస కీస్. దాని పక్కనే గల్ఫ్ స్ట్రీమ్ అనే పెద్ద సముద్ర ప్రవాహం పోతుంది. అది కొంచెం ఒడ్డువైపు జరిగిన రోజున తాడు పట్టుకుని దిగుతుంటే మనిషి గాలిపటం తోకలా అడ్డంగా ఎగురుతాడు. పొద్దున్న ప్రశాంతంగా ఉన్నచోట మధ్యాహ్నం అలా ఉండదు.

ఓడ ఎలా పడుకుంది. నిటారుగా నిలబడ్డ ఓడలో డెక్కులు డెక్కుల్లాగే ఉంటాయి, మెట్లు మెట్లలాగే ఉంటాయి, దిక్కు తెలుస్తుంది. పక్కకి ఒరిగినదానిలో గోడ నేల అవుతుంది, తలుపు కప్పులో ఉంటుంది. బయటినుంచి చూడ్డానికి అదో అందం. లోపలికి వెళ్తే మాత్రం తల తిరిగిపోతుంది.

దారి, కాగితాలు. మయామీ విమానాశ్రయం నుంచి కీ లార్గోకి కారులో గంటా గంటన్నర. కీ వెస్ట్ ఒక్క రోడ్డు చివర ఉంది, మూడున్నర నాలుగు గంటలు. పెన్సకోలా ఫ్లోరిడాలోనే ఉన్నా రాష్ట్రానికి పూర్తిగా ఆ చివర, అలబామా పక్కన. కేమన్ వేరే దేశం. హెచ్-1బి మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్ళు డైవ్ సంగతి తర్వాత, తిరిగి ఎలా వస్తారో ముందు చూసుకోవాలి. అలాంటివాళ్ళు ఫ్లోరిడాలోనే ఉండడం మంచిది.

| ఓడ | ఎక్కడ | ముంచిన ఏడాది | పొడవు (అడుగులు) | డైవర్లు ఎక్కువగా తిరిగే లోతు | ఇసుక లోతు | పడుకున్న తీరు |
|---|---|---|---|---|---|---|
| కిట్టివేక్ | గ్రాండ్ కేమన్ | 2011 | 251 | 30–60 | సుమారు 65 | పక్కకి ఒరిగింది |
| స్పీగెల్ గ్రోవ్ | కీ లార్గో | 2002 | 510 | 65–100 | సుమారు 130 | నిటారు |
| వాండెన్‌బర్గ్ | కీ వెస్ట్ | 2009 | 522 | 50–100 | సుమారు 140 | నిటారు |
| డువేన్ | కీ లార్గో | 1987 | 327 | 90–110 | సుమారు 120 | నిటారు |
| ఒరిస్కనీ | పెన్సకోలా | 2006 | సుమారు 900 | 85–145 | సుమారు 212 | నిటారు |

ఈ పట్టికలో ముందు ఐదో గడి చదవండి. మీ కార్డు మీదున్న అంకె దానిలో ఎక్కడ పడుతుందో చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

## కిట్టివేక్: ఓపెన్ వాటర్ కార్డుతో మొత్తం ఓడ

కిట్టివేక్ అంటే ఒక సముద్రపు పక్షి. ఈ ఓడ అమెరికా నౌకాదళంలో సబ్‌మెరైన్లని కాపాడే పని చేసింది. ఆపదలో ఉన్న సబ్‌మెరైన్ దగ్గరికి డైవర్లని దించడమే దాని ఉద్యోగం. 1986లో చాలెంజర్ స్పేస్ షటిల్ కూలిపోయాక సముద్రంలో శకలాలు వెలికితీసే పనిలోనూ ఉంది. బతికినన్నాళ్ళూ డైవర్లని మోసిన ఓడ ఇప్పుడు డైవర్ల కోసమే నీళ్ళలో ఉంది.

2011 జనవరిలో సెవెన్ మైల్ బీచ్ ఎదురుగా ముంచినప్పుడు నిటారుగా నిలబడింది. పై భాగం ఎంత పైకి ఉండేదంటే గొట్టం పెట్టుకుని ఈదేవాళ్ళు కూడా చూసేవారు. 2017 అక్టోబరులో తుఫాను అలలు దాన్ని ఎడమ పక్కకి ఒరిగించాయి. అంతకుముందు వెళ్ళొచ్చినవాళ్ళు "పాడైపోయింది" అంటారు. నాకలా అనిపించలేదు. ఒరిగాక దాని మీద ఈదుతుంటే పడుకున్న ఏనుగు చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. లోపల తిరిగే దారులు మాత్రం మునుపటంత సులువుగా లేవు.

ఈ ఐదింటిలో 60 అడుగుల కార్డుతో పూర్తిగా చూడగలిగేది ఇదొక్కటే. వడి సాధారణంగా తక్కువ, నీళ్ళు స్వచ్ఛం, నిమిషాలు దండిగా ఉంటాయి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి ఇంకో లాభం: పది పన్నెండేళ్ళ పిల్లలకి జూనియర్ కార్డు ఉంటుంది. పది, పదకొండేళ్ళవాళ్ళకి 40 అడుగులు, 12 నుంచి 14 దాకా 60. ఫ్లోరిడాలో పెద్ద ఓడల మీద పిల్లలకి చోటు లేదు. ఇక్కడ ఉంది.

ఖర్చు మాత్రం తక్కువ కాదు. ఓడ చూడ్డానికి విడిగా ప్రవేశ రుసుము కట్టాలి. దీవిలో బస, భోజనం అన్నీ ప్రియమే. చేపలు కూడా కీస్‌లో ఉన్నంత ఎత్తున గుంపులు కట్టి ఉండవు. పగడాలు, స్పాంజిలు పెరగడానికి అవకాశం ఉన్నా ఓడ వయసు చిన్నది.

## స్పీగెల్ గ్రోవ్: అడ్వాన్స్‌డ్ కార్డు ఉంటే నా మొదటి మాట

ఈ ఓడ కథ చెప్పకుండా డైవ్ గురించి చెప్పలేను.

510 అడుగుల ఓడ. పొట్టలోకి నీళ్ళు నింపుకుని, వెనక తలుపు తెరిచి, అందులోంచి చిన్న పడవల్ని సైన్యంతో సహా బయటికి వదిలే రకం. పేరు అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ ఒహాయోలో ఉన్న ఇంటి పేరు. 1956లో నౌకాదళంలో చేరింది, 1989లో రిటైరైంది. ఆ తర్వాత పదమూడేళ్ళు అనుమతులకీ, శుభ్రం చేయడానికీ, డబ్బు పోగు చేయడానికీ పట్టింది. చివరికి 2002 మే 17న ముంచాలని ముహూర్తం పెట్టారు.

ముహూర్తానికి కొన్ని గంటల ముందే తనంతట తానే మునగడం మొదలెట్టింది. మీద పనిచేస్తున్నవాళ్ళు దిగి బయటపడ్డారు. ఓడ తలకిందులైంది, వెనక భాగం అడుక్కి తగిలింది, ముక్కు మాత్రం బోర్లించిన బిందెలా నీళ్ళ పైన తేలుతూ మిగిలిపోయింది. మూడు వారాలకి పైగా అలాగే ఉంది. జూన్‌లో గాలి నింపి దొర్లిస్తే కుడి పక్కకి పడుకుంది. సరే, ఇంతవరకే అనుకున్నారు. 2005 జులైలో హరికేన్ డెనిస్ వచ్చింది. అది పోయాక దిగి చూస్తే ఓడ నిటారుగా నిలబడి ఉంది! మనుషులు మూడేళ్ళుగా చేయలేకపోయిన పనిని గాలివాన ఒక్కరాత్రిలో చేసి పెట్టింది.

అందుకే ఈరోజు ఇది మంచి డైవ్. పై కట్టడాలు అరవై అడుగుల చుట్టుపక్కల మొదలవుతాయి. క్రేన్లు, తుపాకీ దిమ్మెలు, వెనకవైపు పడవల కోసం కట్టిన పెద్ద బావిలాంటి గది. అన్నీ 65 నుంచి 100 మధ్యలో దొరుకుతాయి. ఒక డైవ్‌లో ముందు సగం, ఇంకో డైవ్‌లో వెనక సగం. ఐదుసార్లు దిగినా మళ్ళీ దిగాలనిపించే ఓడ ఇది. గోలియత్ గ్రూపర్లు కనిపిస్తాయి. మనిషంత చేప డెక్ నీడలో కదలకుండా నిలబడి, అరుగు మీద కూర్చున్న ఊరి పెద్దలా మీ వంక చూస్తుంది. బారకూడాలు తాడు చుట్టూ వరసగా నిలబడతాయి. జనం వాటిని చూసి భయపడతారు, కానీ అవి మిమ్మల్ని పట్టించుకోవు.

ఎదురు చెప్పేవి కూడా ఉన్నాయి. వడి ఉన్న రోజున ఇది కొత్తవాళ్ళకి కాదు. ఓడ ఇసుక నుంచి అంత ఎత్తుకి లేచి ఉండడంతో నీళ్ళు దాని మీదుగా దూసుకుపోతాయి. బోటు కట్టుకునే బంతులు ఓడ పొడవునా కొన్ని ఉన్నాయి. మీ బోటు ఏ బంతికి కట్టారన్నదాన్ని బట్టి మీరు ఓడలో ఏ భాగం చూస్తారో ఆధారపడి ఉంటుంది. కెప్టెన్‌ని ముందే అడగండి. వెనక గది చూడాలని ఆశపడి ముక్కు దగ్గర దిగితే, ఆ ఐదు వందల అడుగులు వడికి ఎదురీదుతూ పోవడానికి గాలి సరిపోదు.

ఓపెన్ వాటర్ కార్డు మాత్రమే ఉన్నవాళ్ళని కొందరు గైడ్‌ని పెట్టుకుంటే తీసుకెళ్తారు. వెళ్ళొద్దని చెప్పడం లేదు. కానీ అరవై దగ్గర మీ కింద ఓడ మొదలవుతుంది, మీ పక్కన కాదు. నాతోపాటు దిగిన ఒక స్నేహితుణ్ణి ఆ రోజు బోటువాళ్ళు కార్డు సరిగా చూడకుండానే దింపేశారు. వంద అడుగుల దగ్గర, గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూసుకుని, కళ్ళు పెద్దవి చేసి, నా చెయ్యి పట్టుకున్నాడు. దిగి తొమ్మిది నిమిషాలు కూడా కాలేదు. నిదానంగా పైకి తీసుకొచ్చాను. ఏమీ కాలేదు, కానీ ఆ తొమ్మిది నిమిషాల్లో వాడికి ఓడ ఏదీ గుర్తు లేదు, ముల్లు ఒక్కటే గుర్తుంది.

## వాండెన్‌బర్గ్: ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళకి

స్పీగెల్ గ్రోవ్‌కీ దీనికీ పొడవులో పెద్ద తేడా లేదు. బతుకులో చాలా తేడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసే ఓడగా పుట్టింది, అప్పటి పేరు జనరల్ హ్యారీ టేలర్. యుద్ధం అయ్యాక యూరప్ నుంచి ఇల్లూవాకిలీ కోల్పోయినవాళ్ళని దేశాలు దాటించింది. తర్వాత పెద్ద పెద్ద డిష్‌లు తగిలించి, పేరు మార్చి, క్షిపణులనీ రాకెట్లనీ గమనించే పనిలో పెట్టారు. ఒక హాలీవుడ్ సినిమాలో రష్యా ఓడ వేషం కూడా కట్టింది. 2009 మే 27న కీ వెస్ట్‌కి ఏడు మైళ్ళ దూరంలో రెండు నిమిషాలు కూడా పట్టకుండా మునిగి, మొదటిసారే నిటారుగా నిలబడింది. స్పీగెల్ గ్రోవ్ చేసిన రభస చూశాక వీళ్ళు ఎంత ఊపిరి బిగబట్టి ఉంటారో ఊహించండి.

ఫొటోలకి ఇది మెరుగు. నీళ్ళు సాధారణంగా ఇంకా నీలంగా, ఇంకా దూరం కనిపించేలా ఉంటాయి. కట్టడం పై అంచు 50 అడుగుల దగ్గరే మొదలవుతుంది కనుక వెలుగు బాగా పడుతుంది. డిష్ చట్రం మనిషి పక్కన నిలబడితే ఎంత పెద్దదో తెలుస్తుంది, ఫొటోకి కొలమానం దొరుకుతుంది. 2011లో ఒక ఆస్ట్రియన్ ఫొటోగ్రాఫర్ తన చిత్రాలని ఈ ఓడ డెక్ మీదే ప్రదర్శనకి పెట్టాడు. చూడ్డానికి ట్యాంకు కట్టుకుని వెళ్ళాల్సిన ప్రదర్శన!

స్పీగెల్ గ్రోవ్‌ని వదిలి దీన్ని ఎంచుకోవాలా? రెండు కారణాలకి అవును. డైవింగ్ చేయనివాళ్ళు మీ వెంట ఉంటే, కీ వెస్ట్‌లో వాళ్ళకి ఊరుంది. వీధులున్నాయి, సూర్యాస్తమయం చూసే రేవుంది. కీ లార్గోలో వాళ్ళు హోటల్ గదిలో మిమ్మల్ని తిట్టుకుంటూ కూర్చుంటారు. రెండో కారణం కెమెరా. మిగతావాళ్ళకి, ముఖ్యంగా రెండే రోజులు ఉన్నవాళ్ళకి, ఆ నాలుగు గంటల డ్రైవ్ అంటే ఒక డైవ్ పోగొట్టుకోవడమే.

వడి ఇక్కడా తక్కువేం కాదు. కట్టడాల వెనక దాక్కుంటే నీడలో నిలబడ్డట్టు హాయిగా ఉంటుంది. దాటి బయటికి వస్తే మళ్ళీ ఎదురీతే.

## డువేన్: పేరు తక్కువ, రుచి ఎక్కువ

పెద్దవాటి ఆర్భాటంలో ఎవరూ దీని పేరెత్తరు. 1930ల నాటి కోస్ట్‌గార్డ్ గస్తీ ఓడ, 327 అడుగులు. 1943లో అట్లాంటిక్‌లో జర్మన్ సబ్‌మెరైన్ యు-175 మునిగిన పోరులో తోటి ఓడకి సాయంగా ఉంది. 1987 నవంబరులో దీన్నీ, దీని జంట ఓడ బిబ్‌నీ ఒకరోజు తేడాతో కీ లార్గో దగ్గర ముంచారు. డువేన్ నిలబడింది, బిబ్ పక్కకి పడింది.

దాదాపు నలభై ఏళ్ళు నీళ్ళలో ఉన్న ఓడకీ, ఇరవై ఏళ్ళదానికీ తేడా ఒళ్ళంతా కనిపిస్తుంది. డువేన్ ఇనుములా ఉండదు. రెయిలింగుల మీద పగడం, స్పాంజి, మెత్తని పూతలు. టార్చి వేస్తే ఎరుపు, నారింజ, ఊదా. కృత్రిమ రీఫ్ అన్న మాటకి అర్థం చూడాలనుకుంటే ఇక్కడికే వెళ్ళాలి. ఒక్క డైవ్‌లో ముక్కు నుంచి తోక దాకా చూడొచ్చు కూడా. ఐదు వందల అడుగుల ఓడ మీద ఆ తృప్తి దొరకదు.

అయితే డెక్ వంద అడుగుల దగ్గర ఉంది. పైన తక్కువ లోతులో కాలక్షేపం చేయడానికి పెద్దగా ఏమీ లేదు. వడి కూడా గట్టిగా ఉంటుంది. ఇరవై నిమిషాలు, తాడు, ఇంతే. స్పీగెల్ గ్రోవ్ మీద ఒకటి రెండుసార్లు దిగి ఒళ్ళు కుదుటపడ్డాక, మూడో రోజు వెళ్ళాల్సిన ఓడ. బిబ్ ఇంకా లోతు, పక్కకి పడింది. ఈ వ్యాసం చదువుతూ ఎంచుకునేవాళ్ళు దాన్ని ఎంచుకోవద్దు.

## ఒరిస్కనీ: కోరిక సరే, అర్హత?

అమెరికా విమాన వాహక నౌక. కొరియా యుద్ధం, వియత్నాం యుద్ధం రెండూ చూసింది. 1966 అక్టోబరు 26న లోపల మంటలు చెలరేగి 44 మంది చనిపోయారు. సరిగ్గా ఏడాదికి, 1967 అక్టోబరు 26న, జాన్ మెక్‌కెయిన్ దీని మీదనుంచే ఎగిరి హనోయ్ మీద కూలి బందీ అయ్యాడు. 2006 మే 17న పెన్సకోలాకి ఇరవైకి పైగా మైళ్ళ దూరంలో ముంచారు. 37 నిమిషాల్లో కిందికి పోయింది. ఆ సమయానికి వైర్ల తొడుగుల్లో వందల పౌన్ల పీసీబీ విషరసాయనం మిగిలే ఉందనీ, దాన్ని అలాగే ముంచడానికి పర్యావరణ సంస్థ ప్రత్యేక అనుమతి ఇచ్చిందనీ తెలుసుకుని వెళ్ళండి. రీఫ్ అన్న పేరు పెట్టగానే అంతా పుణ్యం అయిపోదు.

ముంచినప్పుడు రన్‌వే డెక్ 135 అడుగుల దగ్గర ఉండేది. 2008లో గుస్టావ్ హరికేన్ తర్వాత ఇంకో పదడుగులు కిందికి కూరుకుపోయింది. ఇప్పుడు 145. సరదా డైవింగ్ గీత 130. అంటే టెక్నికల్ శిక్షణ (ఆ గీత దాటి దిగడానికి ఇచ్చేది) లేనివాళ్ళకి మిగిలేది డెక్ మీద నిలబడ్డ కమాండ్ గోపురం. అదీ ఎనభై చిల్లర అడుగుల దగ్గర మొదలవుతుంది. ఆ గోపురమే అంతస్తుల మేడంత ఉంటుంది, అందులో సందేహం లేదు. నీళ్ళు స్పష్టంగా ఉన్న రోజున కింద రన్‌వే నల్లగా, అంచు కనపడకుండా పరుచుకుని ఉంటుంది. ఒంట్లో వణుకు పుట్టిస్తుంది.

కానీ లెక్క వేయండి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, రెండు డైవ్‌లు కలిపి ఓడ దగ్గర ఉండేది ముప్పై నలభై నిమిషాలు. గాలి మారితే ట్రిప్పే రద్దు. చలికాలంలో నీళ్ళు చల్లన. అడ్వాన్స్‌డ్, డీప్, నైట్రాక్స్ మూడూ ఉండి, యాభై డైవ్‌లు దాటినవాళ్ళకి దీన్ని సంతోషంగా చెప్తాను. రెండు ట్యాంకులు కట్టుకునే టెక్నికల్ డైవర్లకి ఐదింటిలో ఇదే ముందు. మిగతావాళ్ళు "అతి పెద్దది చూశాం" అని చెప్పుకోవడానికి మాత్రమే వెళ్తున్నట్టు. ఆ గొప్ప కూడా ఎన్నాళ్ళుంటుందో: 990 అడుగుల ప్రయాణికుల ఓడ ఎస్ఎస్ యునైటెడ్ స్టేట్స్‌ని ఫ్లోరిడాలో ఒకలూసా కౌంటీ ఇదే పనికి కొని, 2025లో ఫిలడెల్ఫియా నుంచి అలబామాలోని మొబైల్ అనే ఊరి రేవుకి లాక్కెళ్ళింది.

## మీరు ఎవరైతే ఏది

కార్డు కొత్తది, పదిహేను డైవ్‌లు కూడా దాటలేదు, స్టాంపింగ్ ఉంది, డబ్బుకి ఇబ్బంది లేదు: కిట్టివేక్. స్టాంపింగ్ లేకపోతే కీ లార్గోకే వెళ్ళి, అడ్వాన్స్‌డ్ కోర్సులో డీప్ డైవ్ స్పీగెల్ గ్రోవ్ మీద చేయించమనండి. బోధకుడు పక్కనే ఉంటాడు, కార్డూ వస్తుంది, ఓడా చూస్తారు. అది చాలామందికి తట్టని దారి, నా దృష్టిలో అన్నిటికంటే డబ్బుకి తగ్గ దారి.

దంపతుల్లో ఒకరే డైవర్ అయితే కీ వెస్ట్. కెమెరా పిచ్చి ఉంటే కూడా అదే. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళు ఒరిస్కనీ అంటారని తెలుసు. ముందు డువేన్ చూడండి, చరిత్ర అక్కడా తక్కువ లేదు, పైగా డెక్ అందుతుంది. చేపల కోసమైతే స్పీగెల్ గ్రోవ్.

గాలి త్వరగా అయిపోయేవాళ్ళు, ఆ సంగతి మీకే తెలుసు, డువేన్, ఒరిస్కనీ రెండూ పక్కన పెట్టండి. పై భాగం యాభై అడుగుల దగ్గర ఉన్న వాండెన్‌బర్గ్ మీకు కాస్త వెసులుబాటు ఇస్తుంది. కింద పది నిమిషాలు తిరిగి, మిగతా గాలి పై కట్టడాల మీద ఖర్చు పెట్టుకోవచ్చు.

పొద్దున్న బోటెక్కే ముందు రెండు ఇడ్లీలు, అల్లం ముక్క చాలు. రాత్రి మిగిలిన పులిహోర ఉందని కడుపునిండా తిన్న మా బృందంలోని మహానుభావుడు ఆ పులిహోరనే చేపలకి పెట్టాడు, బోటు మీదనుంచి.

## లోపలికి వెళ్ళాలా

విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి వెళ్ళినవాళ్ళకి ఓడ తలుపంటే ఏమిటో తెలుసు. వంగాలి, కాలెత్తాలి, భుజం తగులుతుంది. అక్కడ వెలుగుంది, గాలుంది, ముందు నడిచే గైడ్ ఉన్నాడు. అదే తలుపుని చీకట్లో, వీపు మీద ట్యాంకుతో, వంద అడుగుల నీళ్ళ కింద ఊహించుకోండి. కాలి రెక్క ఒక్కసారి నేలకి తగిలితే ఏళ్ళుగా పేరుకున్న మెత్తని బురద లేచి, మీ చెయ్యి మీకే కనపడదు.

2007 మార్చిలో స్పీగెల్ గ్రోవ్ లోపలికి వెళ్ళిన డైవర్లలో ముగ్గురు తిరిగి రాలేదు. అనుభవం లేనివాళ్ళు కాదు.

కాబట్టి తేడా తెలుసుకోండి. ఇటు నుంచి చూస్తే అటు వెలుగు కనిపించే దారులు వేరు. వాటిలోంచి ఈదుకుంటూ పోవచ్చు, గైడ్ చూపిస్తాడు. మలుపు తిరిగాక వెలుగు కనపడని గదులు వేరు. వాటికి రీలు, తాడు, రెండు టార్చిలు, విడి గాలి, వాటన్నిటితో చేసిన శిక్షణ కావాలి. ఐదు ఓడల్లో దేన్ని ఎంచుకున్నా ఈ గీత అదే. బయటినుంచి చూడ్డానికే ఒక్కొక్కదానికి మూడు డైవ్‌లు పడతాయి, లోపలికి పోకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు కాదు.

## బుక్ చేసేటప్పుడు

రెండు ట్యాంకుల ట్రిప్పులో చాలా బోట్లు మొదటిది ఓడ మీద, రెండోది లోతు తక్కువ పగడాల మీద దించుతాయి. రెండూ ఓడ మీదే కావాలంటే ఫోన్‌లోనే తేల్చుకోండి. వడి ఎక్కువైతే ఎక్కడికి మారుస్తారో, డబ్బు తిరిగి ఇస్తారో లేదో కూడా అప్పుడే అడగండి. జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం. నీళ్ళు వెచ్చగా ఉండేది కూడా అప్పుడే కనుక పూర్తిగా మానుకోమనలేను, రద్దు చేసుకునే వీలున్న టికెట్ కొనమంటాను.

చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఆదివారం పొద్దున దిగి, ఆదివారం రాత్రి ఫ్లైట్ ఎక్కి, సోమవారం స్టాండప్ మీటింగ్‌కి హాజరవుదామనుకునేవాళ్ళు ఆ ఆదివారం డైవ్‌ని శనివారానికి జరుపుకోండి. కీ వెస్ట్‌లో ఉంటే ఆ ఖాళీ ఆదివారాన్ని మయామీ దాకా కారు నడపడానికి వాడుకోవచ్చు. రోడ్డుకి రెండు పక్కలా సముద్రమే.